మొదటి క్యారవాన్ ట్రైలర్: వరంగల్ నుంచి బయల్దేరేవాళ్లకు ఏది సరిపోతుంది?

క్యారవాన్, అంటే కారు వెనక తగిలించుకుని లాగే చిన్న ఇల్లు, కొనాలని మనసు పడ్డవాళ్లు ముందు చూసేది లోపలి ఫొటోలు. మడత మంచం, చిన్న సింకు, కిటికీకి తెర, పైన పసుపు లైటు. ఆ ఫొటోల్లో ఎక్కడా కనిపించనిది బరువు. అందుకే ఎవరైనా సలహా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: దాన్ని లాగే కారు ఏది? అది తేలకుండా ఏ మోడల్ మంచిదో మాట్లాడుకోవడం, పెళ్లికొడుకు కుదరకముందే ఫంక్షన్ హాల్ బుక్ చేయడం లాంటిది.

ట్రైలర్‌లో కాపురం పెట్టడం ఉత్తర తెలంగాణకు కొత్తేమీ కాదు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ట్రాక్టర్ డబ్బా మీద టార్పాలిన్ కట్టి, బియ్యం, గిన్నెలు, కోళ్లు వేసుకుని పోయి, నాలుగు రోజులూ అందులోనే పడుకుని వచ్చే కుటుంబాలు ఊరికి పది ఉంటాయి. కొత్త సంగతి ఏమిటంటే, అలాంటిదాన్ని కారుకు తగిలించి 163వ జాతీయ రహదారి మీద 70 స్పీడులో లాగాలనుకోవడం. చిక్కులన్నీ ఆ స్పీడుతోనే వస్తాయి.

ముందు కారు లెక్క

యూరప్‌లో కొత్తగా ట్రైలర్ లాగేవాళ్లకు ఒక లెక్క చెప్తారు. సామానంతా ఎక్కించాక ట్రైలర్ బరువు, కారు ఖాళీ బరువులో 85 శాతం దాటకూడదు. అదీ కారు కంపెనీ పెట్టిన లాగుడు పరిమితికి లోబడే. మన దగ్గర ఆ పరిమితి దగ్గరే ఆగిపోతాం. ఇక్కడ అమ్మే చాలా కార్ల మాన్యువల్లో ఆ అంకె దొరకదు. మాన్యువల్ తీసి వెతకండి, లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ‘ఏం కాదు సార్, లాగుతది’ అని షోరూంలో అనేది జవాబు కాదు. రేపు క్లచ్ పోతే వారంటీ గురించి మాట్లాడేది వేరే మనిషి.

ట్రైలర్ తగిలించవద్దని రాసి ఉంటే అక్కడితో ఆపేయండి. అంకె చెప్పకుండా ఊరుకుంటే మాత్రం కారు బరువులో సగం దగ్గర ఆగమంటాను. 1,800 కిలోల ఎస్‌యూవీ ఉంటే నిండు బరువు 900 కిలోలు. చిన్న హ్యాచ్‌బ్యాక్ ఉన్నవాళ్లు ట్రైలర్ మాట పక్కన పెట్టి, కింద వ్యాన్ గురించి రాసింది చదవండి.

బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో వేసేది ఖాళీ బరువు. మనం ఖాళీగా పోము కదా. 60 లీటర్ల నీళ్లంటే 60 కిలోలు. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒక్కటే 50 కిలోలకు పైన తూగుతుంది. పరుపులు, కుర్చీలు, స్టవ్వు, గిన్నెలు, బట్టలు, ‘దారిలో పనికొస్తాయి’ అని అత్తమ్మ పెట్టించే సంచులు కలిపితే 600 కిలోల ట్రైలర్ కాస్తా 800 అయి కూర్చుంటుంది. అందుకని అమ్మేవాణ్ని రెండు అంకెలు అడగండి: ఖాళీగా ఎంత, గరిష్ఠంగా ఎంత మోయొచ్చు. ఈ రెండింటి మధ్య తేడా నూరు కిలోలే ఉంటే నలుగురి కుటుంబానికి అది పనికిరాదు. పత్తి, మిర్చి లోడ్లు వచ్చే ఎనుమాముల మార్కెట్ వైపు వేబ్రిడ్జి కాంటాలకు కొదవ లేదు. సామాను పెట్టుకుని ఒకసారి కాంటా ఎక్కిస్తే బ్రోచర్ నిజం చెప్పిందో లేదో తేలిపోతుంది.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడ ఉందన్నది కూడా చూసుకోవాలి. మొత్తంలో కొంత భాగం ట్రైలర్ ముందు, కారుకు తగిలే హుక్కు మీద పడాలి. యూరప్ పద్ధతిలో ఇది 5 నుంచి 7 శాతం, అమెరికా పద్ధతిలో 10 నుంచి 15 శాతం. మనకు దొరికే చిన్న ట్రైలర్లకు 7 శాతం నుంచి మొదలుపెట్టి, కారు హుక్కు తట్టుకునేంతలో ఉంచితే చాలు. 800 కిలోలకు 56 కిలోలు. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషన్ మీద చెక్క నిలబెట్టి, హుక్కు భాగాన్ని దాని మీద దింపితే అంకె కనిపిస్తుంది. నీళ్ల డ్రమ్ము, సామాను అంతా వెనక డిక్కీలో నింపితే ముందు తేలికై, ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ములుగు దాటాక రెండు వరుసల రోడ్డు మీద ఎదురుగా ఇసుక లారీ దూసుకుపోతే, ఆ గాలి దెబ్బ చాలు ఊపు అందుకోవడానికి. అప్పుడు కారు బ్రేకు గట్టిగా తొక్కినా, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పినా ఊపు ఇంకా పెరుగుతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ సూటిగా పట్టుకుని, వేగం దానంతట అది తగ్గేదాకా ఆగాలి.

ఇక బ్రేకులు. 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు యూరప్‌లో సొంత బ్రేకులు తప్పనిసరి. మన రోడ్లకు నేను 500 దాటితే చాలు, బ్రేకులున్నదే తీసుకోమంటాను. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంటాయి. మలుపు తిరగ్గానే గొర్రెల మంద ఎదురవుతుంది. అట్లాంటప్పుడు వెనక ముక్కాలు టన్ను బరువు కారును తోస్తుంటే ఎస్‌యూవీ బ్రేకులు ఒక్కటే సరిపోవు. ఓవర్‌రన్ బ్రేకులు ఉన్నవైతే, కారు ఆగగానే ట్రైలర్ ముందుకు నెట్టే ఒత్తిడితోనే దాని బ్రేకులు పడతాయి. కారులో అదనంగా ఏదీ బిగించాల్సిన పని లేదు. ఎలక్ట్రిక్ బ్రేకులు ఇంకా మెరుగ్గా పట్టుకుంటాయి, తోక ఊపినప్పుడు ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేయొచ్చు. కానీ కారులో కంట్రోలర్ పెట్టించాలి. మొదటిసారి కొనేవాళ్లకు ఓవర్‌రన్ చాలు.

టియర్‌డ్రాప్, పాప్-అప్, పెద్ద క్యారవాన్

టియర్‌డ్రాప్ అంటే ఇద్దరు పడుకునేంత పెట్టె, వెనక తలుపు ఎత్తితే వంటగది. లోపల నిలబడలేరు. ఇంట్లోవాళ్లు దీన్ని చూడగానే ‘ఇంతేనా’ అంటారు. అయినా వరంగల్ నుంచి బయల్దేరే మొదటి కొనుగోలుదారుకు నా ఓటు దీనికే. తేలిక, గాలికి అడ్డం తక్కువ, ఎస్‌యూవీ వెనక దాదాపు దాక్కుంటుంది. వంట బయట ఉండటం లోటు అనుకుంటారు కానీ మన వంటకు అదే మేలు. మూసిన క్యారవాన్‌లో ఎండుమిర్చి పోపు పెట్టి చూడండి, ఆ ఘాటు పరుపును ఎన్ని రోజులు వదలదో తెలుస్తుంది. పిల్లలుంటే పక్కన ఒక టెంట్ వేయండి. వాళ్లకు టెంటే ఇష్టం.

పాప్-అప్‌ది వేరే తరహా. రోడ్డు మీద పొట్టిగా ఉంటుంది, ఆగాక పైకప్పు లేస్తుంది, పక్కలకు గుడ్డ గోడలు తెరుచుకుంటాయి. తక్కువ బరువులో నలుగురికి చోటు, నిలబడేంత ఎత్తు, రాత్రి గాలి. కాగితం మీద చూస్తే మన వాతావరణానికి ఇదే సరైనది. కానీ మన దగ్గర కోతులున్నాయి. గుళ్ల దగ్గర, చెరువు గట్ల మీద, అడవి రోడ్ల పక్కన ఆగే ప్రతి చోటా ఉన్నాయి. లోపల అరటిపండ్ల వాసన తగిలితే గుడ్డ గోడ వాటికి అడ్డు కాదు. వానలో తడిసిన గుడ్డను మడిచి ఇంటికి తెచ్చి, మళ్లీ విప్పి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. ఆ విప్పే చోటు మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఉందా? ఊళ్లో పెద్ద వాకిలి ఉన్న ఇల్లుంటే, తిండి సామాను కారులో పెట్టి తాళం వేసే అలవాటుంటే పాప్-అప్ తీసుకోండి. లేకపోతే వద్దు.

నిలువెత్తు పెద్ద క్యారవాన్, అంటే పద్నాలుగు అడుగులు, ఆపైన ఉండేది, అందరి మనసు లాగుతుంది. బాత్రూం కూడా ఉంటుంది. నిండు బరువు టన్ను దాటుతుంది కాబట్టి పెద్ద ఎస్‌యూవీ, పికప్ ఉన్నవాళ్లకే. హన్మకొండ కాలనీల్లో ముప్పై అడుగుల రోడ్డు మీద ఇరువైపులా కార్లు పెట్టి ఉంటే దీన్ని ఇంటి ముందుకు తేవడమే ఒక పరీక్ష. కొండగట్టు లాంటి గుట్ట మీదికి దీనితో ఎక్కవద్దు. కింద పెట్టి కారులో దర్శనానికి పోయి రండి. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ లాంటి దిగుడులో మొదటి నుంచీ తక్కువ గేరులో దిగాలి. బాత్రూంలో ఉండే క్యాసెట్ టాయిలెట్‌ను ఎవరో ఒకరు మోసుకెళ్లి ఖాళీ చేయాలి. అది ఎవరన్నది కొనకముందే ఇంట్లో తేల్చుకుంటే గొడవ ఉండదు.

ఒక్క సందర్భంలో పెద్దదే సరైనది. మీకు మామిడితోటో, చెరువు పక్కన పొలమో ఉంది, దాన్ని తీసుకెళ్లి అక్కడ పెట్టేస్తారు, ఏడాదికి ఒకటి రెండుసార్లే కదిలిస్తారు. అప్పుడు లాగుడు సమస్య చిన్నదవుతుంది, కరెంటు దొరుకుతుంది.

కరెంటు అన్నాను కాబట్టి ఎండ సంగతి. అమెరికా, యూరప్ వీడియోలు చూసి కొనేవాళ్లు పట్టించుకోనిది ఇదే. మార్చి చివరి నుంచి జూన్ దాకా మన దగ్గర ఎండలు మండుతాయి, మేలో 42, 43 డిగ్రీలు మామూలు. రామగుండం వైపు ఇంకా మంట. ఎండలో నిలబెట్టిన పెట్టె లోపల పగలు కూర్చోలేరు. ఏసీ ఉంది కదా అంటారు. ఒక టన్ను ఏసీ బాగా పనిచేస్తున్నప్పుడు సుమారు 1,000 వాట్లు లాగుతుంది. 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలో ఉండేది దాదాపు 1,200 వాట్ అవర్లు. అంటే గంట, గంటంపావు. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ పెట్టినా మంచి ఎండ రోజున వచ్చేది ఒకటిన్నర, రెండు యూనిట్లే (యూనిట్ అంటే 1,000 వాట్ అవర్లు). అది ఫ్యాన్లకు, లైట్లకు, ఫోన్లకు, చిన్న ఫ్రిజ్‌కు భేషుగ్గా సరిపోతుంది, రాత్రంతా ఏసీకి సరిపోదు. ‘సోలార్ మీద ఏసీ నడుస్తుంది’ అని అమ్మేవాడు చెప్తే ఎన్ని గంటలో అడగండి. ఏసీ కావాలంటే ప్లగ్గు దొరికే చోటే ఆగాలి. టూరిజం హరిత హోటళ్ల ఆవరణలో అడిగి చూడొచ్చు, ముందే ఫోన్ చేసి మాట్లాడుకోవాలి.

కాబట్టి డబ్బు ఏసీ మీద కంటే గోడల మీద పెట్టండి. మిర్చి కోల్డ్ స్టోరేజీల గోడలకు వాడే పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య నురగ నింపిన పలక) వరంగల్‌లో చాలామందికి తెలిసిన వస్తువే. ఆ తరహా శాండ్‌విచ్ గోడ, తెల్ల రంగు పైకప్పు, ఎదురెదురుగా రెండు కిటికీలు, పైన గాలి లాగే ఫ్యాన్ ఉంటే చాలావరకు నెగ్గుకురావచ్చు. ఇనప రేకు, లోపల పలచటి ప్లైవుడ్ ఉన్నదాన్ని ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. నిజానికి మనకు క్యారవాన్ కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆ నెలల్లో ఆదిలాబాద్ వైపు రాత్రిళ్లు బాగా చలి. చలికని లోపల కుంపటి, బొగ్గులు మాత్రం పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక్కడే కట్టించుకుంటే?

ఈ ఆలోచన అందరికీ వస్తుంది. ఆటోనగర్‌లో ట్రాక్టర్ ట్రాలీలు కట్టేవాళ్లు ఉన్నారు, చేతిలో పని ఉంది, సగం ధరకు అయిపోతుంది. పని గురించి నాకు అనుమానం లేదు. కానీ ట్రాక్టర్ డబ్బా గంటకు పాతిక, ముప్పై కిలోమీటర్ల కోసం కట్టేది. పిన్ను హుక్కు లూజుగా ఉంటుంది, చాలావాటికి బ్రేకులుండవు, కమాన్ పట్టీలు టన్నుల లోడు కోసం కాబట్టి తేలిక పెట్టెను ఎగరేస్తాయి. కారుకు కావలసింది 50 మిల్లీమీటర్ల బాల్ హుక్కు, సేఫ్టీ చైన్లు, బరువుకు తగిన యాక్సిల్, సస్పెన్షన్.

అంతకంటే పెద్ద అడ్డంకి కాగితాలు. 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి, ఇన్సూరెన్స్ కావాలి, లాగే కారు నంబరు కూడా ట్రైలర్ వెనక కనిపించాలి. రిజిస్ట్రేషన్‌కు ఫారం 20తో పాటు అమ్మినవాడి సేల్ సర్టిఫికెట్ ఫారం 21, రోడ్డు యోగ్యత సర్టిఫికెట్ ఫారం 22 పెట్టాలి. ఫారం 22 ఇవ్వాలంటే ఆ మోడల్‌కు పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి వాహన పరీక్షా సంస్థల ఆమోదం ఉండాలి. వెల్డింగ్ షాపులో కట్టించినదానికి ఇవి ఎక్కడి నుంచి వస్తాయి? తోటలో పెట్టుకునేదైతే కట్టించుకోండి, రోడ్డెక్కేదైతే ఆమోదం ఉన్న తయారీదారు దగ్గరే కొనండి. అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ సర్టిఫికెట్ కాపీ తీసుకుని మీ ఆర్టీఓ ఆఫీసులో చూపించి, టీజీ నంబరు వస్తుందో రాదో కనుక్కోండి. కొటేషన్‌లో జీఎస్టీ, రవాణా, రిజిస్ట్రేషన్ కలిపారా లేదా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. ఇలాంటివి తయారయ్యేది ఎక్కువగా బయటి రాష్ట్రాల్లో కాబట్టి తెచ్చే ఖర్చు చిన్నది కాదు.

ట్రైలర్ కాకుండా వ్యాన్

ఇంట్లో పెద్దవాళ్లున్నారా? కాళేశ్వరం, బాసర, వేములవాడ తిప్పడమే అసలు ఉద్దేశమా? అయితే ట్రైలర్ కొనకండి. నడుస్తున్న ట్రైలర్‌లో మనుషులు కూర్చోకూడదు, పడుకోకూడదు. డబ్బాలో కూర్చుని పోయే అలవాటున్న మనకు ఈ మాట రెండుసార్లు చెప్పాలి. అమ్మానాన్న నడుం వాల్చాలన్నా, దారిలో బాత్రూం కావాలన్నా టెంపో ట్రావెలర్ లాంటి వ్యాన్ మీద కట్టిన మోటార్ క్యారవాన్ మేలు. అదీ సీటు, బెల్టు ఉన్న చోటే కూర్చోవాలి. మామూలు కారు లైసెన్సు 7,500 కిలోల లోపు బండ్లకు వర్తిస్తుంది కాబట్టి ఈ తరహా వ్యాన్లకు లైసెన్సు సమస్య రాదు. కానీ పాత వ్యాన్ కొని సొంతంగా మంచాలు, సింకు బిగిస్తే అది 52వ సెక్షన్ కింద అనుమతి లేని మార్పు అవుతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ ముందు చూసేది దాన్నే. మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్ 124 అని వేరే ప్రమాణం ఉంది, దాని ప్రకారం కట్టిందా అని అడగండి.

వ్యాన్‌లో ఇబ్బంది ఏమిటంటే, ఇల్లూ బండీ ఒకటే. పాల ప్యాకెట్ కావాలన్నా ఇల్లంతా కదలాలి. ట్రైలర్‌ను లక్నవరం ఒడ్డున దించి, కారు తీసుకుని బొగత పోయి రావచ్చు. ఇంజిన్ లేదు కాబట్టి ట్రైలర్‌కు మెయింటెనెన్స్ కూడా తక్కువ. ఏది కొనాలో తేలనివాళ్లు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఒక క్యారవాన్ అద్దెకు తీసుకుని రెండు రాత్రులు ఉండి చూడండి. రెండో రాత్రి మీ ఆవిడో, మీ ఆయనో హోటల్ గురించి అడిగితే చాలా డబ్బు మిగిలినట్టే. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కదా, దానికోసమే కొంటాం అనేవాళ్లకు కూడా ఇదే మాట. పన్నెండు రోజుల కోసం అద్దె చాలు.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు

ఇక్కడ సెకండ్ హ్యాండ్ మార్కెట్ చిన్నది, కాబట్టి ‘మళ్లీ దొరకదు’ అనే టెన్షన్‌తో కొనేస్తారు. తొందరపడకండి. వానాకాలంలో చూడటానికి వెళితే ఇంకా మంచిది. మూలల్లో, కిటికీల కింద, పైకప్పు ఫ్యాన్ చుట్టూ బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా దిగితే లోపల నీళ్లు దిగి చెక్క కుళ్లింది. చెక్క ఫ్రేమ్ అయితే చెదలు కూడా చూడాలి, కొట్టి చూస్తే డొల్ల శబ్దం వస్తుంది. కొత్త వాల్‌పేపర్ ఒక్క మూలకే ఎందుకు అంటించారో అడగండి.

టైర్ల మీద గాడులు లోతుగా ఉన్నాయని మోసపోవద్దు. ట్రైలర్ టైర్లు అరిగిపోవు, ఎండకు నిలబడి నిలబడి పగిలిపోతాయి. పక్క గోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఐదారేళ్లు దాటితే కొత్త టైర్ల ధర బేరంలోంచి తీసేయండి. జాక్ వేసి చక్రం లేపి తిప్పితే గరగరమంటే బేరింగులు పోయాయి. ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయి కాబట్టి కారుకు తగిలించి ఇండికేటర్లు, బ్రేకు లైట్లు అన్నీ వెలిగించి చూడాలి. ఆర్సీ లేనిది ఎంత చవకగా వచ్చినా వద్దు.

కొన్నాక ఒక పని ఉంది. ట్రైలర్‌ను రివర్స్ చేయడం కారు నడిపే అనుభవంతో రాదు, స్టీరింగ్ ఉల్టా పనిచేస్తుంది. స్టీరింగ్ కింది భాగం పట్టుకుని, ట్రైలర్ ఎటు పోవాలో చేతిని అటు కదిపితే లెక్క కుదురుతుంది. చిన్న ట్రైలర్ గబుక్కున తిరుగుతుంది కాబట్టి ఇంకా నెమ్మదిగా పోవాలి. మన ఊళ్లలో ఇరుకు సందులోకి డబ్బాను ఒక్క దెబ్బకు వెనక్కి పెట్టే ట్రాక్టర్ డ్రైవర్లు ఉన్నారు. కోసిన పొలంలోనో, ఖాళీ గ్రౌండులోనో ఒక పూట వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని నేర్చుకోండి, ఆ పూట కూలి ఇవ్వండి. మొదటి ప్రయాణానికి పాకాల చాలు. నర్సంపేట మీదుగా యాభై కిలోమీటర్లు, ఘాట్ లేదు. ఏదైనా వదులైనా, మరిచిపోయినా చీకటి పడకముందే ఇంటికి రావచ్చు.